మారుమూల కొండకు రాక్ క్లైంబింగ్: దిగే దారి నుంచి లెక్క వేయండి

విజయనగరం నుంచి ఎస్.కోట వైపు వెళ్తున్నా, పలాస దాటి మందస వైపు వెళ్తున్నా, బస్సు కిటికీలోంచి కనిపించే ప్రతి రాతికొండా ఎక్కమని పిలుస్తున్నట్టే ఉంటుంది. దూరపు కొండలు నునుపు అంటారు కదా, రాయి ఎక్కేవాళ్ళకు ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది. దగ్గరికి వెళ్తే ఆ నునుపు పొరలు పొరలుగా ఊడుతుంటుంది, నెర్రెల్లో తేనెపట్లు వేలాడుతుంటాయి, కింద గుహలో ఎలుగుబంటి ఉన్నా ఉండవచ్చు. కొండ ఎక్కే ముందు ఏమేం చూసుకోవాలో, ఏ వరుసలో చూసుకోవాలో నాకు తెలిసినంత వరకు చెబుతాను.

ఆ వరుస నాకు ఒక సాయంత్రం నేర్పింది. ఎస్.కోట వైపు కొండల్లో ముగ్గురం ఎక్కి క్షేమంగా దిగాం. సామాను సర్దుకుని వస్తుంటే ఎండుటాకుల కింద రాయి జారి నా మిత్రుడి చీలమండ విరిగింది. ఉదయం నలభై నిమిషాల్లో నడిచిన దారి అది. అతన్ని రోడ్డుకు చేర్చడానికి నాలుగున్నర గంటలు పట్టింది. సగం దారిలో చీకటి పడింది. ముగ్గురికీ కలిపి ఒకే టార్చి. చివరికి దగ్గరి ఊరివాళ్ళు నులక మంచం తెచ్చి మోసుకొచ్చారు. ఆ రోజు నుంచి నేను ప్రయాణాన్ని చివరి నుంచి మొదలుపెట్టి రాసుకుంటున్నాను.

మొదటి పని: నడవలేని మనిషి రోడ్డుకు ఎంతసేపట్లో చేరతాడో లెక్కించండి

ఏ గోడ ఎక్కాలి, ఏ తాడు తీసుకెళ్ళాలి అన్నవి తరువాతి సంగతులు. ముందు కాగితం మీద రెండు చోట్లు గుర్తించండి: రాతిగోడ అడుగుభాగం, అంబులెన్సు రాగలిగే ఆఖరి చోటు. ఆ రెంటి మధ్య మామూలు నడక ఎంతసేపో చూడండి. దాన్ని ఆరుతో హెచ్చించండి. ఇది నా అనుభవంలో తేలిన సుమారు లెక్క.

ఇప్పుడు సూర్యుడి సంగతి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ తూర్పు తీరాన ఉన్నాయి కాబట్టి నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం ఐదున్నర కాకముందే పొద్దు కుంకుతుంది. హైదరాబాదు నుంచి వచ్చే మిత్రులు ఈ సంగతి తరచూ మరచిపోతారు. రోడ్డు నుంచి గోడకు అరగంట నడక అనుకోండి. మోసుకురావడానికి మూడు గంటలు కావాలి. అంటే మధ్యాహ్నం రెండున్నరకల్లా తాడు చుట్టేయాలి. ఇంకో దారి ఎక్కడానికి ఓపిక ఉన్నా, ఎండ చల్లబడి రాయి అప్పుడే పట్టుకు బాగున్నా సరే, చుట్టేయాలి. లెక్క వేస్తే ఎక్కడానికి సమయమే మిగలనంత దూరంలో ఆ గోడ ఉంటే, మీ బృందం దాన్ని ఇప్పుడు ఎక్కకూడదు.

నలుగురికి తక్కువగా వెళ్ళకండి. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన ఉండాలి, ఇద్దరు కలిసి సాయానికి వెళ్ళాలి. మా ముగ్గురిలో ఆ రోజు ఒకడు ఒంటరిగా, తెలియని దారిలో, చీకట్లో ఊరు వెతుక్కుంటూ వెళ్ళాడు. అతనికి కూడా ఏదైనా జరిగి ఉంటే మా సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

రెండో పని: ఎక్కకుండా ఒకసారి వెళ్ళి రండి

తాడు లేకుండా, కళ్ళతో చూడటానికే ఒక రోజు కేటాయించండి. ఈ ఒక్క రోజు మిగతా అన్ని జాగ్రత్తల కంటే విలువైనది.

ఊళ్ళో ఆగి మాట్లాడండి. కొండ ఎవరి అధీనంలో ఉందో గ్రామ సచివాలయంలో అడగండి. రిజర్వు అటవీ ప్రాంతమైతే రేంజి కార్యాలయం అనుమతి లేకుండా అడుగుపెట్టకండి. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం అది నేరం. బౌద్ధ, జైన అవశేషాలున్న రామతీర్థం కొండలు, వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం వంటి చోట్ల ఎక్కే ఆలోచనే పెట్టుకోకండి. పటంలో లేని గుడులు కూడా ఉంటాయి. రాతికి పసుపు, కుంకుమ కనిపిస్తే, గట్టున మట్టి గుర్రమో దీపపు మసో కనిపిస్తే అది ఒకరి దేవుడు. ఆ రాతిని వదిలేయండి. మహాశివరాత్రికి, కార్తీక సోమవారాలకు కొండ మీద గుడికి జనం వస్తారు కాబట్టి ఆ రోజులు మానుకోండి. మీరు పైనుంచి దొర్లించే ఒక్క రాయి చాలు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగే మంగళవారం కూడా వద్దు. పట్టణమంతా జనంతో నిండి ఉంటే గాయపడిన మనిషిని ఆసుపత్రికి చేర్చడం కష్టం.

పశువుల కాపరులను, జీడితోటల్లో పనిచేసేవాళ్ళను, తేనె తీసేవాళ్ళను వెతికి మరీ మాట్లాడించండి. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఏ దారి వానకు మూసుకుపోతుంది, ఏ బండ కింద ఎలుగు పడుకుంటుంది, ఏ గోడకు ఏటా తేనె పడుతుంది అన్నవి వాళ్ళకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియవు.

ఇంకో మాట ఉంది. మన మన్యంలో రోడ్డులేని ఊళ్ళ నుంచి గర్భిణులను, రోగులను ఇప్పటికీ డోలీలో మోసుకొస్తున్నారు. గత్యంతరం లేక భుజాన డోలీ ఎత్తేవాళ్ళు మన సరదా వల్ల మరో బరువు మోయవలసి రావడం నాకు బాధ కలిగించే విషయం. ఆ సాయంత్రం మంచం మోసినవాళ్ళలో ఒకరు పొలం పని ముగించుకుని అప్పుడే ఇంటికి వచ్చినవారు. అందుకే ముందుగానే వెళ్ళి పరిచయం చేసుకోండి, వచ్చే రోజు చెప్పండి, అవసరమైతే ఎవరిని పిలవాలో అడిగి పేరు, ఫోను నంబరు రాసుకోండి. ఒక మనిషిని రోజుకూలీ ఇచ్చి తోడు తీసుకెళ్ళగలిగితే ఇంకా మంచిది.

అదే రోజు నడిచే దారిలో ఫోను సిగ్నలు ఎక్కడ వస్తుందో, ఎక్కడ పోతుందో గుర్తించండి. గోడ దగ్గర సిగ్నలు లేకపోతే, దొరికే అతి దగ్గరి చోటుకు ఎంతసేపు నడవాలో రాసుకోండి. పటాన్ని ఫోనులోకి ముందే దించుకోండి. గోడ అడుగుభాగపు అక్షాంశ, రేఖాంశాలు కాగితం మీద కూడా ఉండాలి.

మూడో పని: రాతిని చదవండి

తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించేది ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీదే ఆ రాతికి ఆ పేరు పెట్టారు. అందులోని ఫెల్డ్‌స్పార్ వానకు, ఎండకు కుళ్ళి మెత్తటి మట్టిగా మారుతుంది. ఎర్రటి గోమేధికపు రేణువులు మాత్రం గట్టిగా మిగులుతాయి. అందుకే చేతికి గరుకుగా, పట్టు దొరికినట్టుగా అనిపిస్తుంది. బరువు వేస్తే పట్టు మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది. చార్నకైట్, గ్రానైట్ నైస్ రాళ్ళు దానికంటే చాలా గట్టివి. అయినా గుండ్రటి బండకొండల మీద ఉల్లిపాయ పొరల్లాగా పలకలు లేస్తాయి. ప్రతి పట్టునూ పిడికిలితో తట్టండి. ఖంగుమంటే సరే. డొల్ల శబ్దం వస్తే దాన్ని పట్టుకోకండి, దాని కింద నిలబడకండి, తాడును దాని మీదుగా పోనివ్వకండి.

టెక్కలి ప్రాంతంలో నీలి గ్రానైటు క్వారీలు ఉన్నాయి. వదిలేసిన క్వారీ గోడ నిటారుగా, శుభ్రంగా, రోడ్డు పక్కనే కనిపించి ఊరిస్తుంది. పేలుళ్ళకు లోపలంతా బీటలు వారిన రాయి అది. దాన్ని ఎక్కకండి.

గోడ ఏ దిక్కుకు ఉందో చూసుకోండి. తూర్పు ముఖంగా ఉంటే పొద్దున్నే కాలిపోతుంది, మధ్యాహ్నానికి నీడ వస్తుంది. మనం రెండున్నరకే ముగించాలి కాబట్టి పడమటి, ఉత్తరపు ముఖాలే మనకు అనుకూలం.

నాలుగో పని: కాలం ఎంచుకోండి

నవంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి రాయి, నాచు, పాములు. అక్టోబరు తుపాన్ల నెల: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్నే దెబ్బతీశాయి. తుపాను వెళ్ళిపోయిన తరువాత కూడా కొన్ని వారాలు ఆగాలి. వేళ్ళతో సహా లేచిన చెట్లు, వాటితో పాటు కదిలిన బండలు కొండ మీద అలాగే ఆగి ఉంటాయి. మార్చి దాటితే రాయి చెయ్యి పెట్టనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు పిడుగులు పడతాయి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోనులో పెట్టుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్ల కంటే తక్కువ ఉంటే వెంటనే కిందికి దిగండి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్ళీ ఎక్కకండి.

అయిదో పని: సామాను, దాని కంటే ముందు నేర్పు

ఇది చదివి రాయి ఎక్కడం రాదు. మొదట గురువు దగ్గర నేర్చుకోండి. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ తొలి పాఠాలు భువనగిరి రాతి మీదే నేర్చుకున్నారు. డార్జిలింగ్, ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థల ప్రాథమిక కోర్సు 28 రోజులు ఉంటుంది. బృందంలో కనీసం ఇద్దరికి యాంకర్ కట్టడం (తాడు బరువును మోసే ఆధారం ఏర్పరచడం), బిలే చేయడం (ఎక్కేవాళ్ళ తాడును పరికరంతో అదుపులో పెట్టడం), తాడుకు వేలాడుతున్న మనిషిని దించడం చెయ్యి తిరిగిన పనులై ఉండాలి. ఒక్కరికే వస్తే, దెబ్బ ఆ ఒక్కరికే తగిలినప్పుడు మిగతావాళ్ళు కింద నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేరు.

మారుమూల గోడకు మొదటి కొన్ని ప్రయాణాల్లో టాప్ రోప్ పద్ధతికే పరిమితం కండి. అంటే వెనకవైపు నుంచి నడిచి పైకి చేరి, అక్కడ యాంకర్ కట్టి, తాడును కిందికి వదిలి, పైనుంచి రక్షణతో ఎక్కడం. పడినా సాధారణంగా కొద్ది దూరమే జారతారు. లీడ్ చేస్తూ, అంటే కింద నుంచి తాడును వెంట తీసుకెళ్తూ ముందుగా ఎక్కుతూ పడితే ఎంతో ఎత్తు నుంచి పడవచ్చు.

తాడు విషయంలో బేరాలు వద్దు. హార్డువేరు దుకాణంలో దొరికే నైలాను తాడు, పడవల తాడు ఎంత లావుగా ఉన్నా క్లైంబింగుకు పనికిరావు. యూఐఏఏ, సీఈ అనే భద్రతా ప్రమాణాల గుర్తులున్న తాడే కొనండి. లీడ్ చేయాలంటే సాగే గుణమున్న డైనమిక్ తాడు తప్పనిసరి. సాగని తాడు మీద పడితే ఆ దెబ్బంతా నడుముకు, యాంకరుకు తగులుతుంది. 60 మీటర్ల తాడుతో గోడ ఎత్తు 30 మీటర్లు దాటకూడదు, ఎందుకంటే పైకి వెళ్ళి తిరిగి రావాలి. ఆ ఎత్తు లోపలైనా తాడు చివర ముడి వేయండి. ఎక్కిన మనిషిని దించుతుంటే తాడు చివర బిలే పరికరంలోంచి జారిపోయి ప్రాణాలు పోవడం ఎన్నో దేశాల్లో మళ్ళీ మళ్ళీ జరిగిన ప్రమాదం, ఒక్క ముడితో తప్పేది. వాడకపోయినా తయారైన పదేళ్ళకు తాడును పక్కన పెట్టాల్సిందే. మన తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులు చెట్టు ఎక్కే ముందు మోకును వేళ్ళ మధ్య నుంచి జార్చి చూసుకుంటారు. మీరూ ప్రతిసారీ తాడు మొత్తాన్ని అలాగే చేతులతో తడిమి చూడండి. మెత్తగా చప్పబడిన చోటు, పైపొర చిట్లిన చోటు తగిలితే ఆ తాడుకు సెలవు.

యాంకరు సంగతి కాస్త నెమ్మదిగా చెప్పాలి. మీరు వెళ్ళే కొండ మీద తాడు కట్టడానికి రాతిలో దిగగొట్టిన బోల్టులు లేవనే అనుకుని బయలుదేరండి. ఉన్నా, ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో ఇనుప బోల్టు పైకి బాగానే కనిపిస్తూ లోపల తినేసి ఉండవచ్చు. అనుమతి లేకుండా కొత్తవి దిగగొట్టకండి. కాబట్టి చెట్లు, బండలే ఆధారం. బండకొండల నెత్తిన మట్టి జానెడే ఉంటుంది, అక్కడి చెట్టు పచ్చగా ఉన్నా వేళ్ళు పైపైనే ఉంటాయి. తొడ కంటే లావుగా ఉండి, ఇద్దరు ఊపినా కదలని చెట్టునే నమ్మండి. తాటిచెట్టుకు, ఎండుకొయ్యకు వద్దు. బండైతే దాని అడుగు చూడండి. వాలుపలక మీద కూర్చున్న బండ బరువు పడగానే జరగవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు ఆధారాలు కావాలి, వాటిలో ఏ ఒక్కటి ఊడినా మిగతా రెండూ కుదుపు లేకుండా మొయ్యాలి. రెండు ఆధారాల మధ్య కోణం 60 డిగ్రీలు దాటనివ్వకండి. 60 డిగ్రీల దగ్గర ఒక్కో ఆధారం మీద బరువులో 58 శాతం పడుతుంది, 120 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కోదాని మీద మొత్తం బరువు పడుతుంది. ఆధారాలకు చుట్టే స్లింగులను (పట్టీ ఉచ్చులను) పొడవుగా వదలండి. తాడు గోడ అంచుకు రాసుకునే చోట పాత గోనెసంచి మడిచి వేయండి. తాడు ఎప్పుడూ కారబినర్లలోంచే (మూత తెరుచుకునే లోహపు కొక్కేల్లోంచే) నడవాలి. స్లింగు మీద తాడు నేరుగా రాసుకుంటే ఆ వేడికి నైలాను కరిగి తెగిపోతుంది. లాకు ఉన్న కారబినర్లు రెండు, మూతులు ఎదురెదురుగా.

ప్రతి ఒక్కరికీ హెల్మెటు ఉండాలి, కింద కూర్చున్నవాళ్ళకు కూడా. తలా ఒక హెడ్‌టార్చి, మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఈల, రక్తం ఆపడానికి వెడల్పాటి కట్లు, విరిగిన ఎముకకు ఆనించి కట్టడానికి చెక్కబద్దలు. మందుల సంచి పైకి ఎక్కేవాళ్ళతో కాకుండా గోడ అడుగున ఉండాలి.

తేనెటీగలు, ఎలుగులు, పాములు

ఈ కొండల మీద తాడు కంటే నేను ఎక్కువ భయపడేది పెద్ద తేనెటీగలకే. ఇవి గూటిని బయటికి పొడుచుకొచ్చిన రాతి చూరు కింద ఒకే పెద్ద పలకగా కడతాయి. ఈగలు లేకపోయినా గోడ మీద మైనపు మరకలు, నల్లటి చారలు కనిపిస్తే అవి ఏటా వచ్చే చోటని అర్థం. గూడు కనిపిస్తే ఆ రోజు ఆ గోడ మీ కోసం కాదు. పక్క దారి ఎక్కుతామని కూడా అనుకోకండి. పొగ, అత్తరు వాసన, పైనుంచి రాలిన గులకరాయి, ఏదైనా వాటిని లేపుతుంది. ఒక్కటి కుట్టగానే విడుదలయ్యే వాసన మిగతావాటిని పిలుస్తుంది.

ఇక్కడ క్లైంబింగుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మామూలుగా ఈగలు లేస్తే పరుగెత్తాలి. బిలే చేస్తున్న మనిషి పరుగెత్తలేడు, అతని చేతిలో ఇంకొకరి ప్రాణం ఉంది. అందుకని బిలే చేసేవాళ్ళు పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, ముఖానికి వలగుడ్డ జేబులో ఉంచుకోవాలి. ఈగలు లేచాయంటే ఎక్కినవాళ్ళను మొదట దించాలి, ఆ తరువాతే ఇద్దరూ పరుగు తీయాలి. ఈ మాట ముందే అనుకుని ఉండాలి. ముళ్ళను గోటితో వెంటనే గీకేయండి. ఊపిరి బిగుసుకున్నా, ముఖం వాచినా, కుట్లు పదుల్లో ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి.

ఎలుగుబంట్లు పగలు రాతి సందుల్లో, గుహల్లో పడుకుంటాయి. మనం వెతుక్కునే చోట్లే వాటి ఇళ్ళు. 2022 జూన్‌లో ఉద్దానంలో ఎలుగుబంటి జీడితోటల్లో మనుషులపై దాడి చేసిన సంగతి శ్రీకాకుళం వాళ్ళు మరచిపోలేదు. జీడిపళ్ళు, పనసపళ్ళు పండే కాలంలో ఇంకా జాగ్రత్త. తవ్విన చెదపుట్టలు, గోళ్ళ గీతలు, తాజా పేడ కనిపిస్తే వెనక్కి తిరగండి. నడుస్తున్నప్పుడు గట్టిగా మాట్లాడుకోండి, చీకటి సందులోకి తొంగిచూడకండి. పార్వతీపురం వైపు వెళ్తుంటే ఏనుగుల గుంపు ఎక్కడుందో అటవీ సిబ్బందిని అడిగి కదలండి.

కళ్ళకు కనిపించని అంచు మీద చెయ్యి వేయకండి. అక్కడ పాము ఎండ కాగుతుండవచ్చు. కాటు పడితే కోయకండి, పీల్చకండి, బిగించి కట్టకండి. ఉంగరాలు, వాచీ తీసేసి, ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి, మనిషిని మోసుకుని విషానికి విరుగుడు సీరం ఉన్న ఆసుపత్రికి చేర్చండి. నాటు మందు కోసం గంట పోగొడితే ఆ గంట తిరిగి రాదు.

బయలుదేరే రోజు

ఇంట్లో ఒక కాగితం ఇవ్వండి. అందులో వెళ్తున్నవాళ్ళ పేర్లు, ఊరు, మండలం, గోడ ఉన్న చోటు, బండి నంబరు, రక్తపు గ్రూపులు ఉండాలి. దాంతో పాటు రెండు సమయాలు రాయండి: తిరిగి రోడ్డెక్కే వేళ, అది దాటి ఫోను రాకపోతే 112కు చెప్పవలసిన వేళ. రెండో సమయం రాయకపోతే ఇంట్లోవాళ్ళు ఇప్పుడు వస్తారు, ఇంకాసేపట్లో వస్తారు అనుకుంటూ రాత్రంతా గడిపేస్తారు.

గోడ దగ్గర, ఎక్కే ముందు ప్రతిసారీ ఇద్దరూ ఒకరినొకరు తాకి చూసుకోండి: హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీ) బకిలు, తాడును దానికి కట్టిన ఎనిమిది ఆకారపు ముడి, బిలే పరికరం, కారబినర్ లాకు, తాడు చివరి ముడి. నలభయ్యోసారి ఎక్కుతున్నా అంతే. ఎవరికైనా ఆ రోజు మనసు ఒప్పకపోతే కారణం అడగకండి, ఎక్కించకండి.

ప్రమాదం జరిగితే

ముందు మీరు ఆగి చూడండి, పైనుంచి ఇంకా రాళ్ళు పడుతున్నాయేమో. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడుతున్న మనిషిని ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా నేలకు దించాలి. కాళ్ళలో రక్తం నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రక్తం కారుతుంటే గట్టిగా అదిమిపట్టండి. ఎత్తు నుంచి పడినవాళ్ళకు వెన్ను దెబ్బతిని ఉండవచ్చని అనుకునే పని చేయండి. ఇలాంటివాళ్ళను డోలీలో వేయకూడదు, గుడ్డలో నడుము వంగిపోతుంది. బల్ల గానీ, బిగుతుగా అల్లి పైన చెక్క పరిచిన మంచం గానీ కావాలి, తలా మెడా కదలకుండా ఇరువైపులా బట్టలు ఒత్తిపెట్టాలి. ఊళ్ళో అలాంటిది ఎవరింట్లో ఉందో రెండో పని నాడే చూసిపెట్టుకోండి.

108కు ఫోను చేసి ఊరు, మండలం, బండి రాగలిగే ఆఖరి చోటు, దగ్గరి గుర్తు చెప్పండి. సిగ్నలు లేకపోతే ఇద్దరిని కాగితం ఇచ్చి పంపండి, కంగారులో నోటిమాట మారిపోతుంది. తల దెబ్బ వంటివాటికి జిల్లా ఆసుపత్రి నుంచి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) పంపవలసి రావచ్చు. విజయనగరం నుంచి దాదాపు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110. ఆ దూరాన్ని కూడా మొదటి పనిలో వేసిన లెక్కలో కలపండి.

దిగి వచ్చాక

కాగితం ఇచ్చిన ఇంటికి మొదట ఫోను చేయండి. ఊళ్ళోకి వెళ్ళి అందరం దిగామని చెప్పండి, లేకపోతే రాత్రి కొండ మీద దీపం కనిపిస్తే మీరేనేమోనని వెతకడానికి బయలుదేరతారు. ఇంటికి వచ్చాక బట్టలు వేడినీళ్ళలో ఉతకండి, ఒళ్ళంతా చూసుకోండి. పొదల్లోని సన్నటి పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కుట్టిన చోట నొప్పి లేని నల్లటి పక్కు కడుతుంది. మూడు వారాల లోపు జ్వరం వస్తే మామూలు జ్వరమని మాత్ర వేసుకుని ఊరుకోకండి. ఫలానా రోజు ఫలానా కొండకు వెళ్ళామని డాక్టరుకు చెప్పండి, ఆ పక్కు ఉంటే చూపించండి.